ఒకే వాన రెండు తేదీల్లో కనిపిస్తుంటే

సమస్య: 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన ఒక సిస్టంలో 13వ తేదీ కింద, మరో సిస్టంలో 14వ తేదీ కింద ఉంది. రెండింటినీ కలిపిన పట్టిక చూస్తే బేగంపేటలో వరుసగా రెండు రోజులు 19 సెంటీమీటర్ల చొప్పున కురిసినట్టుంది.

కారణం: కొలతలో తప్పు లేదు. వాతావరణ శాఖ ఉదయం 8:30 వరకు గడిచిన 24 గంటల వానను ఆ ఉదయం తేదీతో నమోదు చేస్తుంది. కాబట్టి 13 రాత్రి వాన 14వ తేదీ వరుసలో చేరుతుంది. మధ్యలో ఎవరి ప్రోగ్రామో ‘వాన పడిన రోజు’ చూపాలని తేదీని ఒక రోజు వెనక్కి జరిపింది. జరిపినట్టు ఎక్కడా రాయలేదు. స్టేషన్, తేదీ చూసి నకళ్లను ఏరే కంప్యూటర్‌కు ఇవి రెండు వేర్వేరు వానలు.

పరిష్కారం: ముందుగా, తేదీని చేత్తో దిద్దకండి. రేపు ఫైలు మళ్లీ దిగుమతి కాగానే తప్పూ తిరిగి వస్తుంది. ‘సోర్స్’ గడిలో ‘వాతావరణ శాఖ’ అని రాసి చేతులు దులుపుకోవడమూ చాలదు. పై రెండు వరుసలూ నిజాయితీగా ఆ మాటే చెప్పుకోగలవు! కావలసింది ప్రతి వరుస పుట్టుపూర్వోత్తరాలు. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2013లో ప్రమాణంగా ప్రకటించిన ‘ప్రోవ్’ నమూనా ఇందుకు మూడు అంశాలను చూస్తుంది: ఎంటిటీ, యాక్టివిటీ, ఏజెంట్. మన ఉదాహరణలో అసలు వరుస ఒక ఎంటిటీ, తేదీ మార్చిన వరుస మరొకటి. తేదీ జరిపిన ప్రోగ్రామ్ నడక యాక్టివిటీ. దాన్ని నడిపిన బృందం ఏజెంట్. కొత్త వరుస ఏ వరుస నుంచి పుట్టిందో లంకె రాయండి. కొలత మొదలైన, ముగిసిన సమయాలను భారత సమయాన్ని సూచించే ‘+05:30’తో సహా విడివిడిగా ఉంచండి. అప్పుడు రెండు వరుసల మూలం ఒకటేనని తేలుతుంది, మొత్తం లెక్కలో ఒక్కటే చేరుతుంది.

సమస్య: తేదీ సరిపోయినా సమయంలో ఐదున్నర గంటల తేడా.
కారణం: ఒకరు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మరొకరు మన సమయం వాడారు. యూటీసీ 3:00 అంటే ఇక్కడ ఉదయం 8:30.
పరిష్కారం: టైమ్‌జోన్ లేని సమయాన్ని దిగుమతి దగ్గరే తిప్పి పంపండి.

సమస్య: పంపినవారి దగ్గర విలువ మారింది, మన దగ్గర పాతదే ఉంది.
కారణం: వారు తర్వాత సవరించారు.
పరిష్కారం: పాతదాన్ని చెరపకుండా కొత్త వెర్షన్‌గా చేర్చి, పాతదానికి లంకె ఇవ్వండి. అందిన ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 విలువను (ఫైలు ఏమాత్రం మారినా తానూ మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య), అందిన సమయాన్ని కూడా దాచండి. మూలం దొరకని పాత వరుసలకు ‘తెలియదు’ అనే రాయండి. ఊహించి నింపితే తర్వాత వాటిని వేరు చేయడం ఎవరి తరమూ కాదు.