విరిగినా పనికొచ్చే వెదురు గోల్ఫ్ టీ: బెంగళూరు నేలకు తగ్గ కొలతలు, తయారీ

గోల్ఫ్‌లో మొదటి దెబ్బకు బంతిని ఎత్తి నిలిపే చిన్న పుల్లే టీ. ఆ దెబ్బ కొట్టే గడ్డి మడి టీ బాక్స్. దాని మీద గడ్డి కోసే యంత్రం రీల్ మోవర్‌లో తిరిగే బ్లేడుకూ కింది బ్లేడుకూ మధ్య సందు కాగితం మందమంత కూడా ఉండదు. అందులో ప్లాస్టిక్ టీ ముక్క పడినా, చెక్క టీ ముక్క పడినా బ్లేడుకు ఒకటే. అంచు మొండిబారుతుంది, ఒక్కోసారి చిన్న పెచ్చు లేచిపోతుంది. మట్టిలో కలిసిపోతుందని అట్ట మీద రాసిన టీ కూడా ఈ వారం కలవదు, మోవర్ మాత్రం ఈ వారమే వస్తుంది. అందుకని మేలైన టీకి మొదటి గుణం ఎక్కువ దెబ్బలు ఓర్చుకోవడం, రెండోది గడ్డిలో కళ్లకు కనబడడం. కుళ్లిపోవడం మూడోది. మార్కెట్లో చాలా టీలు ఈ మూడోదాంతోనే మొదలుపెడతాయి.

ముందు సరుకు సంగతి.

మొక్కజొన్న పిండితో చేసిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ పేరుకే మొక్క. అది కరగాలంటే 58-60 డిగ్రీల వేడి నిలిచి ఉండే పెద్ద కంపోస్టు యూనిట్ కావాలి. బెంగళూరు మట్టి ఎండాకాలంలోనూ ఆ వేడి దరిదాపులకు పోదు కాబట్టి గరికలో పడ్డ పీఎల్‌ఏ టీ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. గంజిపిండితో అచ్చు పోసినవి నిజంగానే కరుగుతాయి, కానీ జూన్ నుంచి అక్టోబరు దాకా బ్యాగులోనే చెమ్మ పట్టి మెత్తబడతాయి. వరిపొట్టు కలిపి నొక్కినవి చూడడానికి బాగుంటాయి. అయితే పొట్టు నిండా సిలికా ఉంటుంది, అది బ్లేడును ఇసుకలాగే అరగదీస్తుంది. కొండపల్లి బొమ్మల్లో అతుకులకు వాడే మక్కుతో, అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో, టీ పోయవచ్చా అని కొందరికి అనిపించవచ్చు. బరువు మోయడం వరకు మోస్తుంది. పక్క నుంచి దెబ్బ తగిలితే పీచు లేని ముద్ద పుటుక్కున తెగుతుంది, నీళ్లకు జారుతుంది.

మిగిలేవి రెండు: వెదురు, అంకుడు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే మైసూరు రోడ్డులో 60 కిలోమీటర్ల దూరాన ఉన్న చన్నపట్నంలో ఆలె మర అనే పేరుతో కర్రను తిప్పి చెక్కే లేత్ ఎక్కుతుంది. మెత్తన, నునుపు, లక్క బాగా పడుతుంది. కానీ డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే పొడుగు క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) దెబ్బకు వెదురంత నిలవదు. ఐరన్లకు, అంటే తక్కువ దూరం కొట్టే క్లబ్బులకు, వాడే పొట్టి టీలు అంకుడుతో, పొడుగువి వెదురుతో చేయడం తెలివైన పని. ఇక్కడ చెప్పేది పొడుగు టీ గురించి.

వెదురులో ఏ రకమైనా చాలదు. టీ తల 11 మి.మీ. వెడల్పు రావాలంటే బొంగు గోడ మందంగా ఉండాలి. లాఠీలకు వాడే, లోపల దాదాపు బోలు లేని గట్టి వెదురు తీసుకోండి. కంటోన్మెంట్ దగ్గరి బంబూ బజార్ లాంటి చోట అడిగేటప్పుడు నిచ్చెనల వెదురు వద్దని గట్టిగా చెప్పాలి. మూడేళ్లు నిండిన గడ కావాలి. లేతది ఎండేకొద్దీ ముడుచుకుపోతుంది. వర్షాలు పోయాక, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కొట్టిన గడలో పిండిపదార్థం తక్కువ, అందుకే పుచ్చు కూడా తక్కువ పడుతుంది.

కొలతలు

గోల్ఫ్ నియమాలు టీకి పెట్టిన హద్దులు కొద్దే. పొడవు 101.6 మి.మీ. దాటకూడదు, ఆడే దిశను చూపించకూడదు, బంతి కదలికను అనుచితంగా మార్చకూడదు, కొట్టేవాడికి ఇంకే విధంగానూ సాయం చేయకూడదు. కాబట్టి చుట్టూ తిరిగే రంగు పట్టీ పెట్టుకోవచ్చు. బాణం గుర్తు, లక్ష్యం వైపు చూపే గీత పెట్టకూడదు.

మొత్తం పొడవు 70 మి.మీ. పెట్టండి. డ్రైవర్‌తో కొట్టేటప్పుడు బంతి సగం క్లబ్ పైఅంచు కంటే ఎత్తులో ఉండాలి. ఇప్పటి డ్రైవర్లకు బంతి అడుగు నేల నుంచి సుమారు 38 మి.మీ. ఎత్తులో ఉంటే ఆ లెక్క కుదురుతుంది. మిగిలిన 32 మి.మీ. మట్టిలోకి పోతుంది. ఇంతకంటే లోతు దిగితే టీ దెబ్బకు ఊడి ఎగరదు, బిగుసుకుని విరుగుతుంది.

గిన్నె, అంటే టీ తల మీద బంతి కూర్చునే గుంట, దాని వెడల్పు దగ్గర చాలామంది పిసినారితనం చేస్తారు. బంతి వ్యాసం కనీసం 42.67 మి.మీ., అంటే వ్యాసార్థం 21.33. గిన్నె అంచు 8 మి.మీ. వెడల్పు ఉంటే టీ సుమారు 11 డిగ్రీలు వాలగానే బంతి దొర్లిపోతుంది. 11 మి.మీ. చేస్తే దాదాపు 15 డిగ్రీల దాకా నిలుస్తుంది. గాలి కూడా వాలినట్టే పని చేస్తుంది: గంటకు 36 కి.మీ. గాలి 46 గ్రాముల బంతిని తోసే తోపు సుమారు 5 డిగ్రీల వాలుతో సమానం. సముద్రపు గాలికి ఆడే చెన్నై వాళ్లకు ఈ 11 మి.మీ. మరీ అవసరం.

11 మి.మీ. అంచు మీద కూర్చున్న బంతి గిన్నెలోకి 0.7 మి.మీ. మాత్రమే దిగుతుంది. కాబట్టి గిన్నె మధ్యలో 1.5 మి.మీ. లోతు ఉంటే బంతి అడుగుకు తగలదు, అంచు మీదే కూర్చుంటుంది. అడుగు తగిలేలా చేస్తే ఒక్క ఇసుక రేణువు చాలు బంతి ఊగడానికి.

ఇక కాడ. తల దగ్గర తగిలిన దెబ్బకు వంపు బలం ఎక్కువగా పడేది నేల మట్టం దగ్గర, మెత్తని మట్టిలో అయితే ఇంకాస్త కింద. అందుకే కాడను ఒకే లావు ఉంచడం సరుకు దండగ. తల కింద మెడ 4.2 మి.మీ., అక్కడి నుంచి నెమ్మదిగా లావై, గిన్నె అంచుకు 38 మి.మీ. దూరంలో 5 మి.మీ. కావాలి. 48 మి.మీ. దాకా ఆ 5 అలాగే ఉంచి, మిగిలిన 22 మి.మీ.లో మొనకు దించండి. కాడ బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది: 4 మి.మీ. నుంచి 5కు పోతే దాదాపు రెట్టింపు. 6కు పోతే ఇంకా పెరుగుతుంది కానీ మార్చి, ఏప్రిల్‌లో గట్టిపడ్డ ఎర్రమట్టిలోకి అరచేత్తో దిగదు. మొనను సూదిలా చేయకండి. సూది మొన రెండు మూడు సార్లకే చీపురులా విచ్చుకుంటుంది. కొసన 1 మి.మీ. చదును ఉండాలి.

తల, మెడ కలిసే చోట మూల ఉండకూడదు. 8 నుంచి 10 మి.మీ. వ్యాసార్థంతో వంపు తిప్పండి. తల మాత్రమే ఎగిరిపోయి కాడ నేలలో మిగిలిన టీలను చూడండి, చాలావాటికి అక్కడ పదునైన మూల ఉంటుంది. మట్టిలో మిగిలిన ఆ కాడే కంటికి దొరకని చెత్త.

తయారీ

కణుపు నుంచి కణుపుకు 30 సెం.మీ. ఉంటే రెండు వైపులా 2.5 సెం.మీ. వదిలేయండి. కణుపు దగ్గర పీచు మెలిక పడుతుంది, అక్కడి ముక్క ఎంత అందంగా తిరిగినా విరుగుతుంది. మిగిలిన 25 సెం.మీ.లో 76 మి.మీ. ముక్కలు మూడు వస్తాయి. గడను నిలువునా చీల్చి 14 మి.మీ. చదరంగా చేసుకోండి. రంపంతో కోయకండి, కత్తితో చీల్చండి. చీలిక పీచు వెంటే పోతుంది, రంపం పీచును అడ్డంగా తెంచుతుంది. పైపెచ్చును ముందే చెక్కేయాలి, దాంట్లోని సిలికా లేత్ ఉలిని తినేస్తుంది.

ముక్కల్ని మామూలు నీళ్లలో గంటసేపు మరిగించండి. చక్కెర, పిండి కొంతవరకు దిగి నీళ్లు పసుపు గోధుమ రంగుకు మారతాయి. పుచ్చు పురుగు వెతికేది ఆ పిండినే. పెద్ద వెదురుకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ పట్టించడం మామూలే అయినా టీకి అది వద్దు. బోరాన్ ఉప్పు వానకు కరిగి గడ్డి వేళ్లకే చేరుతుంది. తర్వాత నీడలో, గాలి తగిలేలా రెండు వారాలు ఆరబెట్టండి. ఎండలో పెడితే కొసలు చీలతాయి. ఆరిందో లేదో చూడడానికి నాలుగు ముక్కలు తూచి, ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగిస్తే 8 నుంచి 12 శాతం మధ్య రావాలి. 15 ఉంటే ఇంకో వారం ఆగండి. పచ్చిగా తిప్పిన టీ తర్వాత గుడ్డు ఆకారానికి మారి గిన్నె వంకరపోతుంది.

లేత్ మీద వెదురుకు ఒక పేచీ ఉంది. బొంగు బయటి వైపు పీచు ఒత్తుగా, లోపలి వైపు పలుచగా ఉంటుంది. ఉలి మెత్తని వైపుకు లాక్కుపోతుంది. ఉలి పదును కొత్తగా పెట్టి, ఒక్కో సారికి అర మి.మీ. కంటే ఎక్కువ తీయకుండా తిప్పితే ఇది అదుపులో ఉంటుంది. గిన్నెకు ముందు 8 మి.మీ. డ్రిల్‌తో మధ్యలో 1.5 మి.మీ. గుంట పెట్టండి. తర్వాత పాత గోల్ఫ్ బంతికి 120 నంబరు ఉప్పు కాగితం అంటించి, తిరిగే టీ అంచుకు ఆనించండి. అంచు బంతి ఆకారానికి తానే సరిపోతుంది.

వార్నిష్ వేయకండి. అంగట్లో దొరికే చాలా వార్నిష్‌లు పాలియురెథేన్ లాంటి రెజిన్లే, అంటే తిప్పి తిప్పి మళ్లీ ప్లాస్టిక్కే. రంగు మాత్రం కావాలి. పచ్చి వెదురు రంగు టీ ఎండిన గరికలో పడితే దొరకదు. 1920ల్లో చెక్క టీని అమెరికాలో జనం చేతికి చేర్చిన విలియం లోవెల్ తన టీకి ఎర్ర రంగు వేసి రెడ్డీ టీ అని పేరు పెట్టాడు. పేరు విని మనవాడనుకునేరు, ఆయన న్యూజెర్సీలో పళ్ల డాక్టరు. అంతకుముందు 1899లో టీకి పేటెంట్ తీసుకున్న జార్జ్ గ్రాంట్ కూడా పళ్ల డాక్టరే, బోస్టన్‌లో.

రంగుకు చన్నపట్నం పద్ధతే బాగుంటుంది: లక్క కడ్డీని తిరిగే కర్రకు ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పడుతుంది, ఎండిన మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. అంచు నుంచి 12 మి.మీ. దగ్గర మొదలుపెట్టి 20 దాకా ఒక వెడల్పు పట్టీ, 38 దగ్గర 2 మి.మీ. సన్న పట్టీ వేయండి. మొదటిది గడ్డిలో కనబడడానికి, పైగా దాని పైఅంచు ఫెయిర్‌వే వుడ్ (డ్రైవర్ కంటే చిన్న తల ఉన్న క్లబ్) ఎత్తుకు గుర్తు. రెండోది డ్రైవర్ ఎత్తు. గిన్నె అంచుకు లక్క తగలనివ్వకండి, దెబ్బకు అది క్లబ్ ముఖానికి అంటుకుంటుంది. పసుపు కలిపిన లక్క ఎండకు వారాల్లో వెలిసిపోతుంది, ఎరుపు నిలుస్తుంది. 38 గుర్తు కోసం తీగతో కాల్చి గాడి పెట్టే అలవాటు లేత్ పనివాళ్లకు ఉంటుంది. ఒప్పుకోకండి. వంపు బలం ఎక్కువ పడే చోటే గాడి పెడితే టీ అక్కడే విరుగుతుంది.

పరీక్ష

ఒక్కో రకం కనీసం 20 చేసి చూడాలి. రెండు మూడింటితో తేల్చకండి, వెదురు ముక్కకూ ముక్కకూ తేడా ఎక్కువ.

మొదటి పరీక్షకు వైస్ (పట్టి బిగించే పనిముట్టు), బకెట్, నీళ్లు చాలు. మొన వైపు నుంచి 38 గుర్తు దాకా వైస్‌లో అడ్డంగా బిగించి, తల కింద తాడుతో చిన్న బకెట్ వేలాడదీసి కొద్దికొద్దిగా నీళ్లు కొలిచి పోయండి. బకెట్ బరువూ కలుపుకోవాలి. చదరపు మి.మీ.కు 100 న్యూటన్ల వంపు బలం ఉన్న వెదురైతే 5 మి.మీ. కాడ మూడు కిలోల పైచిలుకు మోయాలి. రెండు కిలోల లోపే విరిగితే విరిగిన చోటు చూడండి. కణుపు దగ్గరి మెలిక పీచు, పుచ్చు కన్నం, పక్కకు పోయిన పీచు, ఈ మూడింట్లో ఒకటి కనబడుతుంది. ఈ పరీక్ష టీలను ఒకదాంతో ఒకటి పోల్చడానికే. మైదానంలో ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుందో ఇది చెప్పదు.

అది తెలియాలంటే గడ్డి మీదే కొట్టాలి. రబ్బరు చాప మీద ప్రాక్టీసు చేసే రేంజ్ పనికిరాదు. ఒకే ఆటగాడు, ఒకే డ్రైవర్, 38 ఎత్తు, తడి నేల మీద పది టీలు, ఎండు నేల మీద పది. ప్రతి టీ ఎన్నో దెబ్బకు విరిగిందో, తలకు ఎంత దూరంలో విరిగిందో రాసుకోండి. ఎక్కువభాగం 38కి కాస్త అటూ ఇటూగా విరిగితే డిజైన్ సరిగ్గా ఉన్నట్టు. తల దగ్గర విరిగితే వంపు వ్యాసార్థం పెంచాలి. తడి నేల మీద బాగుండి ఎండు నేల మీద మాత్రమే విరుగుతుంటే తప్పు టీది కాదు. లోతు 32 నుంచి 28కి తగ్గించి, పొడవు కూడా అంతే తగ్గించి ఇంకో దఫా చేయండి. ఎండు నేలలోకి దించేటప్పుడు బంతిని టీ మీదే పెట్టి అరచేత్తో రెండూ కలిపి నిటారుగా నొక్కాలి. పక్కకు ఊపుతూ దించితే కొట్టకముందే కాడకు బీట పడుతుంది.

మూడోది మట్టి పరీక్ష. కుండీలో తోటమట్టి నింపి, 20 టీలు 3 సెం.మీ. లోతున పాతి, నెలకు రెండు చొప్పున తీసి, కడిగి, ఆరబెట్టి తూచండి. శుద్ధి చేయని వెదురు గుంజే నేలలో ఒకటి నుంచి మూడేళ్లలో పోతుంది, కాబట్టి గ్రామున్నర కూడా తూగని టీకి అంతకంటే తక్కువే పట్టాలి. చెదలు వస్తే ఇంకా త్వరగా.

38 దగ్గర విరిగిన టీని పారేయకండి. తల ఉన్న ముక్క 35-40 మి.మీ. ఉంటుంది. వెదురు అంకుడులా తెగదు, పీచు పీచుగా చీలుతుంది, కాబట్టి చేతికి ముల్లు దిగకుండా ముందు కట్టర్‌తో చీలికలు కత్తిరించి, చాకుతో మొన చెక్కండి. పార్ 3 హోల్ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి హోల్) మీద ఐరన్‌కు బంతి 5-6 మి.మీ. ఎత్తు చాలు, మిగిలిన 30 మట్టిలో దిగుతుంది. మొన వైపు ముక్క మాత్రం నేలలో ఉండిపోయి ఉంటుంది. దాన్ని అక్కడికక్కడే పీకి వేసేలా, గోల్ఫ్ క్లబ్ నిర్వాహకులతో మాట్లాడి టీ మార్కర్ (ఎక్కడి నుంచి కొట్టాలో చూపే గుర్తు) పక్కన ఒక మట్టి కుండ పెట్టించండి. పక్కనే డబ్బా ఉంటే వంగేవాళ్లు ఎక్కువ. కుండ నిండాక ముక్కల్ని ఎండుటాకుల కంపోస్టులో కలపవచ్చు, కానీ కలిపే ముందు ఎవరో వేసిన ప్లాస్టిక్ టీలను ఏరి పక్కన పెట్టాలి.