బోటులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవడం ఎలా

నిన్న సాయంత్రం నీళ్లన్నీ తోడేసి గుడ్డతో తుడిచి వచ్చిన బోటులో, పొద్దున్నే వెళ్లి చూస్తే మళ్లీ చీలమండ లోతు నీళ్లుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో బోటు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పుడు అందరం చేసే పని ఒకటే. నీళ్లు ఎక్కడ నిలిచాయో అక్కడే పగులుందనుకుని ఎంసీల్ ముద్ద పెట్టేస్తాం. మాది లోపల డీజిల్ ఇంజిన్ ఉన్న ఫైబర్ బోటు. ఎప్పుడు చూసినా నీళ్లు ఇంజిన్ కిందే కనపడేవి కాబట్టి షాఫ్ట్ గ్లాండే, అంటే ఫ్యాను తిప్పే కడ్డీ బోటులోంచి బయటికి వెళ్లే చోట నీళ్లు ఆపే బిగింపే, కారుతోందనుకుని దాంట్లో కూరే తాడు ప్యాకింగ్ రెండుసార్లు మార్చాం, ఒకసారి షాఫ్ట్ కూడా లాగి చూశాం, వారం రోజుల వేట పోయింది. తీరా చూస్తే కారుతున్నది ముందు అణియంలో, ఒడ్డుకి లాగేటప్పుడు తాడు తగిలించే కొక్కెం బోల్టు దగ్గర. ట్రాక్టరుతో లాగీ లాగీ ఆ బోల్టు వదులైపోయింది. అక్కడ దూరిన నీళ్లు ఫ్లోరు కింద నుంచి పారుకుంటూ వచ్చి వెనక అమరం వైపు పల్లంలో, అంటే సరిగ్గా ఇంజిన్ కింద చేరేవి. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు అననే అన్నారు, మాకే ఆ సమయానికి గుర్తురాలేదు.

అందుకే పానా చేతిలోకి తీసుకునే ముందు రెండు మూడు రోజులు ఒక లెక్క చూడండి. నీళ్లు ఎక్కడున్నాయన్నది తర్వాత, ముందు ఎప్పుడు వస్తున్నాయో తేల్చాలి. బోటు కట్టేసి ఉన్న రాత్రికి ఎన్ని డబ్బాలు తోడారు, ఇంజిన్ రెండు గంటలు నడిచాక ఎన్ని, వల, ఐసు, చేపల బరువు ఎక్కాక ఎన్ని, వాన పడిన రోజు ఎన్ని. ప్రతిసారీ ఒకే డబ్బాతో తోడండి, ఫోన్లో రాసి పెట్టుకోండి.

కట్టేసి ఊరికే ఉన్నా నీళ్లు వస్తుంటే, కన్నం ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే చోటే ఉంది. అడుగున నీళ్లు వదిలే బిరడా, షాఫ్ట్ గ్లాండు, చుక్కాని కడ్డీ బోటులోకి దూరే చోటు, ఇంజిన్ చల్లదనానికి బయటి నీళ్లు తీసుకునే వాల్వు, లేదంటే అడుగు పగులు. ఇంజిన్ నడిచినప్పుడే వస్తుంటే గ్లాండు, నీళ్ల పంపు సీలు, రబ్బరు పైపుల క్లిప్పులు, పొగ గొట్టంలోకి నీళ్లు కలిసే మలుపు చూడాలి. అణియం అలల్ని కొట్టుకునేటప్పుడు మాత్రమే మునిగే బోల్టులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, మాకు జరిగింది అదే. బరువు ఎక్కాకే వస్తుంటే మామూలు నీటి మట్టానికి కాస్త పైన వెతకండి. పక్కన కొట్టిన రబ్బరు పట్టీ బోల్టులు, పైభాగం కింది భాగంతో అతికిన జాయింటు, నీళ్లు బయటికి తోడే పంపు పైపు చివర. ఆ పైపు చివర బరువుకి మునిగిందంటే, పంపు ఆగాక సముద్రం నీళ్లే వెనక్కి బోటులోకి వచ్చేస్తాయి, బోటులో ఎక్కడా పగులు లేకపోయినా. వాన రోజున మాత్రమే అయితే అది వాన నీరే, పై అతుకులు చూసుకుంటే చాలు.

రుచి కూడా ఉపయోగపడుతుంది. వేలు ముంచి నాలుకకి తాకించి ఉమ్మేయండి, డీజిల్ వాసన వస్తే మాత్రం వద్దు. ఉప్పగా ఉంటే బయటి నీరు, చప్పగా ఉంటే వాన నీరో మంచినీళ్ల డ్రమ్మో. కానీ గోదావరి పాయల్లో బోటు కట్టుకునేవాళ్లు వరదల కాలంలో దీన్ని నమ్మొద్దు, అప్పుడు బయట ఉండేదీ చప్పటి నీళ్లే. నీళ్లు గోరువెచ్చగా తగిలితే ఇంజిన్ లోంచి తిరిగి వచ్చిన నీళ్లని అనుమానించండి. ఆకుపచ్చగానో ఎర్రగానో రంగుంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరచడానికి లోపల పోసే ద్రవం, బోటు పగులుతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు అసలు పని. ఫ్లోరు పలకలన్నీ ఎత్తేయండి, ఎత్తడానికి బద్ధకిస్తే ఈ పని జరగదు. అడుగంతా సబ్బు నీళ్లతో కడిగి, ఆయిల్ జిడ్డు పోగొట్టి, పొడిగా తుడవండి. తర్వాత చపాతీ పిండిలా గట్టిగా కలిపిన పిండి ముద్దతోనో జిగట మట్టితోనో అడుగున అక్కడక్కడ అడ్డు గట్లు వేయండి, పొలంలో మడులు కట్టినట్టు. ఒకటి అణియంలో, రెండు మధ్యలో, ఒకటి ఇంజిన్ ముందు, ఒకటి గ్లాండు ముందు. నీళ్లు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పారలేవు కాబట్టి ఏ మడి ముందు తడిసిందో కన్నం ఆ మడిలోనే ఉంది. ఆపైన పొడి ముగ్గుపిండి పల్చగా చల్లండి. నీళ్లు పారిన దారి పిండి మీద గీతలా కనపడుతుంది, ఆ గీత పై చివరే మీకు కావాల్సిన చోటు. ఇదంతా ఒడ్డునే చేసి బోటుని నీళ్లలోకి దింపి, టార్చి పట్టుకుని ఇద్దరు కూర్చోండి, ఒకరు ముందు, ఒకరు వెనక. ముందు అరగంట ఇంజిన్ ఆపి, తర్వాత అరగంట ఇంజిన్ నడిపి చూడండి. తిరిగే షాఫ్టు దగ్గరికి చేతులు, లుంగీ చివర్లు వెళ్లనివ్వొద్దు.

గ్లాండు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పు చేయకపోయినా దెబ్బలు తినేది ఇదే. తాడు ప్యాకింగ్ ఉన్న గ్లాండు షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి, ఆ చుక్కలే దాన్ని చల్లగా ఉంచుతాయి. ఆ చుక్కలు కూడా కనపడకూడదని నట్లు బిగించేస్తే ప్యాకింగ్ వేడెక్కి గట్టిపడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది, ఆ తర్వాత ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా ఆగదు. ధారలా కారుతుంటే రెండు నట్లూ సమానంగా, ఒక్కోసారి పావు చుట్టు మించకుండా బిగించి, ఇంజిన్ నడిపి, ఆపాక గ్లాండు మీద చేయి వేసి చూడండి. కొంచెం వెచ్చగా ఉంటే సరే, చేయి పెట్టలేనంత వేడి ఉంటే వదులు చేయాలి. ప్యాకింగ్ మార్చేటప్పుడు పొడుగు తాడు చుట్టలా దూర్చకుండా విడివిడి రింగులుగా కోసి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా వేయండి.

నీళ్లలో దొరక్కపోతే ఒడ్డున తిరగేసి ఆలోచించాలి, అంటే నీళ్లు లోపల పోసి బయట చూడాలి. కింద బలమైన దుంగలు పెట్టి, బయటి వైపు పూర్తిగా ఆరనిచ్చి, లోపల కొద్దికొద్దిగా పోయండి. బరువు మర్చిపోవద్దు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పులో 10 సెంటీమీటర్ల లోతు పోశారంటే 200 కిలోలు ఎక్కించినట్టు. ఆ లోతు చాలు, ఒక గంట ఆగి బయట చెమ్మ పట్టిన ప్రతి చోటా మైనపు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అసలు నీళ్లు పోయకముందే ఇంకొకటి చూడొచ్చు. బోటుని పైకి లాగిన మర్నాడు మిగతా అడుగంతా ఆరిపోయి ఒక్కచోట మాత్రం తడి ఊరుతూ ఉంటే, వెతకడం అక్కడే మొదలుపెట్టండి. ఇసుక మీదికి లాగే బోట్లలో అడుగు వెన్ను అరిగిపోతుంది, ఇంజిన్ బోల్టుల చుట్టూ సన్నని పగుళ్లు వస్తాయి. నాణెంతో తట్టుకుంటూ పొండి, టంగుమనే చోట గట్టి, మొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయాయి.

చెక్క బోట్ల సంగతి వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఒడ్డున ఎండిన చెక్క కుంచించుకుని పలకల సందులు తెరుచుకుంటాయి. నీళ్లలో దింపాక ఒకటి రెండు రోజులు కారడం మామూలే, చెక్క ఉబ్బితే తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే సందుల్లో కూరిన నూలు, తుప్పు పట్టిన మేకులు, పురుగు తొలిచిన చోట్లు చూడాలి. ఆ పురుగు కన్నం పైకి గుండుసూది మోపినంతే ఉంటుంది, లోపల మాత్రం పలకంతా డొల్ల.

కన్నం చిన్నదే కదా అని వేటకి బయల్దేరొద్దు. నీటి మట్టానికి ఒక అడుగు కింద అంగుళం వెడల్పు కన్నం ఉంటే నిమిషానికి 40 లీటర్ల పైనే వస్తాయి, ఒక మనిషి డబ్బాతో ఎంతసేపని తోడతాడు. మెత్తటి చెక్కతో కోసుగా చెక్కిన బిరడాలు రెండు మూడు సైజుల్లో, పాత గుడ్డలు, గ్రీజు ఎప్పుడూ బోటులో ఉంచండి. సముద్రం మీద దొరికితే గుడ్డ చుట్టి బిరడా కొట్టి, బరువు అవతలి పక్కకి జరిపి, లైఫ్ జాకెట్లు వేసుకుని ఒడ్డుకి రండి.

ఫైబర్ అతికేటప్పుడు చోటు ఎండాలి, పాత పెయింటు గీకాలి, పగులుకి అన్ని వైపులా కనీసం జానెడు మ్యాట్ (గాజు పీచు గుడ్డ) పరుచుకోవాలి. మ్యాట్‌కి పూసే జిగురు రెసిన్. అది గట్టిపడడానికి వేసే హార్డ్‌నర్, కోబాల్ట్ రెండూ ఒకదాంట్లో ఒకటి నేరుగా కలపకండి, పేలిపోతుంది. ముందు రెసిన్‌లో ఒకటి బాగా కలిపి, తర్వాత రెండోది.

మేము కొక్కెం బోల్టు తీసి, కన్నం మ్యాట్‌తో పూడ్చి, లోపల పెద్ద ఇనుప పలక వేసి మళ్లీ బిగించాం. బాగైందని వెంటనే నమ్మలేదు, అవే మడులు, అదే ముగ్గుపిండి, అదే డబ్బా. మొదటి రాత్రి ఆరు మడులూ పొడి. మర్నాడు బరువు ఎక్కించి అలల్లో తిప్పి వచ్చాక, గ్లాండు ఉన్న మడిలో మాత్రం అరచేయంత తడి ఉంది. అది గ్లాండు చుక్కలదే, అలాగే వదిలేశాం.