మారుతి 800లో స్పార్క్ ప్లగ్ థ్రెడ్ పోతే హెడ్డు దింపకుండా ఎలా బాగుచేయాలి?

ప్లగ్గు బిగిస్తుంటే పానా ఎక్కడా గట్టిపడకుండా తిరుగుతూనే ఉందంటే హెడ్డులో (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగంలో) థ్రెడ్, అంటే ప్లగ్గు పట్టుకునే మర చుట్లు, పోయినట్టే. మారుతి 800లో ప్లగ్గు ఉక్కుది, సిలిండర్ హెడ్డు అల్యూమినియంది. మెత్తనిది హెడ్డే కాబట్టి పాడయ్యేదీ అదే. పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్‌కి పోత ఇనుము హెడ్డు ఉండేది, ఆ బండి వాళ్లకి ఈ బాధ తక్కువ. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గు విప్పడం, వంకరగా పెట్టి మొదటి చుట్టు నుంచే పానాతో తిప్పడం, పానాకి పైపు తగిలించి మరీ బిగించడం: ఎక్కువగా థ్రెడ్ పోయేది వీటివల్లే.

టెఫ్లాన్ టేపు చుట్టో, రాగి తీగ పోగు పెట్టో నడిపేద్దామని చూడకండి. ప్లగ్గు వేడి థ్రెడ్, సీటు (ప్లగ్గు ఆనుకునే చోటు) ద్వారానే హెడ్డులోకి పోవాలి. పట్టు లేని ప్లగ్గు విపరీతంగా వేడెక్కుతుంది, ఏదో ఒకరోజు కంప్రెషన్‌కి ఎగిరి బయటికొస్తుంది.

ముందు నష్టం ఎంతో చూడండి

ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊదేసి, ఆ తర్వాతే ప్లగ్గు విప్పండి. టార్చి వేసి రంధ్రంలోకి చూడండి. పై ఒకటి రెండు చుట్లే నలిగి, కింద థ్రెడ్ బాగుంటే ఇన్సర్ట్, అంటే లోపల కొత్త థ్రెడ్ ఉన్న లోహపు తొడుగు, అక్కర్లేదు. థ్రెడ్ చేజర్ అనే పనిముట్టు చాలు. అది కొత్తగా కోయదు, ఉన్నదాన్నే సరిచేస్తుంది. ప్లగ్గుతో పాటు అల్యూమినియం చుట్లు ఊడి వచ్చాయంటే మాత్రం ఇన్సర్ట్ వేయాల్సిందే.

ఇన్సర్ట్‌లు రెండు రకాలు. హెలికాయిల్ అంటే స్టీలు తీగ చుట్ట, చవక. టైమ్-సర్ట్ లాంటిది పైన అంచు ఉన్న గట్టి బుష్, ఖరీదెక్కువ. మాటిమాటికీ విప్పే ప్లగ్గు రంధ్రానికి నా ఓటు బుష్‌కే, ఎందుకంటే తీగ చుట్ట ఒక్కోసారి ప్లగ్గుతో పాటే బయటికి వచ్చేస్తుంది. ఏది కొన్నా 14×1.25 సైజు (14 మిల్లీమీటర్ల లావు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు) స్పార్క్ ప్లగ్ కిట్ అని అడగండి. పొడవు మీ ప్లగ్గు థ్రెడ్‌కి, అంటే 19 మిల్లీమీటర్లకి సరిపోవాలి. కిట్‌లో వచ్చే ట్యాప్ (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) మామూలు 14 ట్యాప్ కంటే లావుగా ఉంటుంది, దాని బదులు ఇంకోటి వాడితే ఇన్సర్ట్ పట్టదు.

పొట్టు లోపల పడకూడదు

అసలు జాగ్రత్త ఇక్కడే: ట్యాప్ కోసేటప్పుడు వచ్చే అల్యూమినియం పొట్టు సిలిండర్‌లో పడకూడదు. ప్లగ్గులన్నీ తీసి, పాడైన రంధ్రం మీద బొటనవేలు పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుని పానాతో ఇంజన్ తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పించండి. గాలి వేలిని నెట్టడం మొదలవగానే ఆపేయండి. అప్పుడు పిస్టన్ కిందే ఉంటుంది కాబట్టి ట్యాప్‌కి తగలదు. వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి కాబట్టి పొట్టు వాటి సీట్లలో ఇరుక్కోదు.

ట్యాప్ గాడుల నిండా గ్రీజు పట్టించండి, పొట్టు దానికే అంటుకుంటుంది. ట్యాప్ కింది సన్నని భాగాన్ని మిగిలిన పాత థ్రెడ్‌లోకి ఎక్కించి నిటారుగా పట్టుకోండి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. రెండు మూడు చుట్లకోసారి పూర్తిగా బయటికి తీసి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టి మళ్లీ దించండి. విసుగు పుట్టే పనే, కానీ తొందరపడి వంకరగా కోస్తే ఆ తర్వాత హెడ్డు దింపి లేత్ షాపుకి మోసుకెళ్లడమే.

కోత అయ్యాక వ్యాక్యూమ్ క్లీనర్‌కి సన్నటి ట్యూబు టేపుతో అతికించి సిలిండర్ లోపలంతా లాగించండి. గ్రీజు పూసిన కడ్డీతో పిస్టన్ పైభాగాన్ని తడిమి చూడండి.

ఇన్సర్ట్ ఎక్కించడం

థ్రెడ్‌ని నూనె జిడ్డు లేకుండా తుడిచి, కిట్‌లోని డ్రైవర్‌తో ఇన్సర్ట్ దించండి. తీగ చుట్ట అయితే ప్లగ్గు సీటు కంటే పావు నుంచి అర చుట్టు లోపలికి దిగాలి. దానికి అడుగున అడ్డ తోక ఉంటే పొడవు ముక్కు ప్లయర్‌తో పట్టుకుని విరిచి బయటికి తీయండి. సుత్తితో కొట్టారో, అది సిలిండర్‌లో పడుతుంది. బుష్ అయితే పై అంచు సీటులో పూర్తిగా కూర్చోవాలి. ఏ రకమైనా కింది కొస దహన గదిలోకి పొడుచుకు రాకూడదు. వస్తే అది ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోలుని అంటిస్తుంది.

మిగిలిన పొట్టు ఏమైనా ఉంటే ఊదేయడానికి బ్యాటరీ తగిలించి, ఇగ్నిషన్ కాయిల్ వైరు విప్పి, ప్లగ్గులు లేకుండానే కొన్ని క్షణాలు సెల్ఫ్ కొట్టండి. రంధ్రాల ఎదురుగా ఎవరూ నిలబడొద్దు.

కొత్త ప్లగ్గుని ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. మధ్యలో గట్టిపడితే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. వాషర్ సీటుకి తగిలాక పానాతో సుమారు అర చుట్టు చాలు. టార్క్ పానా ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. థ్రెడ్‌కి గ్రీజు, యాంటీ సీజ్ (మర బిగుసుకుపోకుండా పూసే పేస్టు) పూయొద్దు, జారుడు వల్ల తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది. స్టార్ట్ చేశాక ప్లగ్గు హెడ్డులోకి దిగే చోట సబ్బు నీళ్లు ఒక చుక్క వేయండి, బుడగలు వస్తే ఇన్సర్ట్ సరిగ్గా కూర్చోలేదని అర్థం.