నీటితో చల్లబడే కంప్యూటర్ వేడెక్కుతుంటే: ముందు నీటి ఉష్ణోగ్రత చూడండి

ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటగానే చాలామంది ఇంకో రేడియేటర్ (నీటి వేడిని గాలికి వదిలే భాగం) కొనేస్తారు. దయచేసి ఆగండి. లూప్‌లోని, అంటే పంపు, గొట్టాలు, రేడియేటర్ల గుండా తిరిగే నీటి వలయంలోని, నీటి ఉష్ణోగ్రతను చూపే చిన్న సెన్సర్ ముందు బిగించండి. గది గాలి, నీరు, చిప్: ఈ మూడింటి ఉష్ణోగ్రతలు పక్కపక్కన రాసుకుంటే, లోపం ఏ భాగంలో ఉందో చాలావరకు తేలిపోతుంది.

చిప్ మండుతోంది, నీరు చల్లగానే ఉంది

వేడి నీటిలోకి చేరడం లేదన్నమాట. ఇక్కడ రేడియేటర్ తప్పేమీ లేదు, ఎంత పెద్దది పెట్టినా ఫలితం ఉండదు. బ్లాక్ (చిప్‌పై బిగించే, లోపల నీరు పారే లోహపు దిమ్మ) విప్పి, రెంటి మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ అచ్చు చూడండి. ఒక మూల పేస్ట్ మందంగా మిగిలిపోయి ఉంటే ఆ వైపు స్క్రూ సరిగా దిగలేదు. శుభ్రంగా తుడిచి, కొత్త పేస్ట్ రాసి, ఎదురెదురు మూలల స్క్రూలను కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించండి.

పేస్ట్ అచ్చు సమంగా ఉంటే బ్లాక్ లోపల చూడాలి. రాగి పలకపై వెంట్రుకంత సన్నని గాడులుంటాయి. పీవీసీ గొట్టాలలోంచి ఊరే ప్లాస్టిసైజర్ (గొట్టాన్ని మెత్తగా ఉంచే రసాయనం), రంగు ద్రవాల మడ్డి ఆ గాడుల్లోనే జిగటగా పేరుకుంటాయి. మెత్తటి టూత్‌బ్రష్‌తో గాడుల వెంబడి తోమి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. గొట్టాలు మార్చే పని పడితే ఈపీడీఎం రబ్బరువి తీసుకోండి. నల్లగా ఉంటాయి, అందం తక్కువే, కానీ వాటితో ప్లాస్టిసైజర్ బెడద ఉండదు. నీరు లోపలికి వచ్చే ద్వారం, బయటికి పోయే ద్వారం తారుమారు కాలేదు కదా అని కూడా చూసుకోండి.

ఇంకో మాట: ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలో కొన్ని ప్రాసెసర్లు పూర్తి లోడ్‌లో (గరిష్ఠ పనిభారంలో) 95 డిగ్రీలకు చేరేలా తయారు చేసినవే. చిప్ అంకె ఒక్కటే చూసి కంగారు పడనక్కర్లేదు.

నీరే వేడెక్కుతోంది

లోడ్ పెట్టి అరగంటో, ఇంకాసేపో ఆగి, నీటి ఉష్ణోగ్రత నిలకడగా నిలిచాక చదవండి. గాలి కంటే నీరు 10 డిగ్రీలు ఎక్కువుంటే ఆరోగ్యకరమే. 20 దాటితే వేడి బయటికి పోవడం లేదు. ఇప్పుడు కేసు పక్క పలక తీసి మళ్లీ చూడండి. నీటి ఉష్ణోగ్రత గబగబా పడిపోతే రేడియేటర్ చాలినంత ఉన్నట్టే, దానికి చల్లని గాలి అందడమే లేదు. దుమ్ము దులపండి, ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగేలా తిప్పి బిగించండి. రెక్కలు ఒత్తుగా ఉన్న రేడియేటర్‌కు గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యాన్లు కావాలి. ఇవన్నీ అయ్యాక కూడా వేడి తగ్గకపోతే, అప్పుడు రేడియేటర్ కొనండి.

పంపు బలహీనమేమో అన్న అనుమానం

నిమిషానికి 1 లీటరు నీరు పారితే, 300 వాట్ల వేడి ఆ నీటిని సుమారు 4 డిగ్రీలు పెంచుతుంది. 2 లీటర్లు పారితే 2 డిగ్రీలు. అక్కడినుంచి ప్రవాహం ఎంత పెంచినా దక్కేది స్వల్పం. అందుకే ఖరీదైన పంపు మీద డబ్బు పోసే ముందు కొలవండి. లూప్‌ను కేసు బయట అమర్చి, పంపుకు మాత్రమే కరెంటు ఇచ్చి, రిజర్వాయర్‌కు (లూప్‌లోని నీటి తొట్టికి) నీటిని తిరిగి తెచ్చే గొట్టాన్ని అదే ఎత్తులో కొలపాత్రలో పెట్టి, నిమిషంలో ఎంత నిండిందో చూడండి. ఈ లోపు రిజర్వాయర్‌లో నీరు పోస్తూనే ఉండాలి. డీ5, డీడీసీ అనే రకాల పంపులకు ఆ నీరే కందెన, ఖాళీగా తిరిగితే బేరింగ్ అరిగిపోతుంది. ప్రవాహం తక్కువైతే ముందు గొట్టం మడత, మదర్‌బోర్డు పంపు వేగాన్ని తగ్గించిన సెట్టింగ్ చూడండి.

గలగల శబ్దం వస్తే లోపల గాలి ఉంది. పంపు నడుస్తుండగా కేసును అటూ ఇటూ నెమ్మదిగా వంచితే బుడగలు రిజర్వాయర్‌కు చేరతాయి. సీలు చేసి వచ్చే కూలర్లలో పంపు అన్నిటికంటే పైన ఉండకూడదు, గాలి వచ్చి అక్కడే చేరుతుంది.

కారడం

ఎక్కువసార్లు దోషం ఓ-రింగ్‌దే (జాయింటులో నీరు కారకుండా ఆపే రబ్బరు వలయం): మెలిపడటమో, నలగడమో. ఫిట్టింగులను చేత్తోనే బిగించండి, పానా వద్దు. నీరు పోయకముందే లీక్ టెస్టర్‌తో సుమారు 0.5 బార్ గాలి ఎక్కించి, ఒత్తిడి ముల్లు పడిపోతుందేమో గమనించడం అన్నిటికంటే మంచి పద్ధతి. అయితే భాగాల తయారీదారు చెప్పిన పరిమితి దాటకండి. తర్వాత నీరు నింపి, ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పెట్టి, పంపును మాత్రమే రాత్రంతా నడపండి. డిస్టిల్డ్ వాటరే కదా అని ధీమా వద్దు. లోహాలను తాకుతూ తిరిగిన నీరు కరెంటును ప్రవహింపజేస్తుంది.

నీటి రంగు మారడం, తెల్లటి పొడి

లూప్‌లో రాగితోపాటు అల్యూమినియం ఉందేమో చూడండి. ఈ రెండూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. నిరోధక మందు ఆ పనిని నెమ్మదింపజేస్తుంది తప్ప ఆపలేదు. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఉన్న భాగాలు మాత్రమే కలపండి, అల్యూమినియం రేడియేటర్‌ను తీసేయండి.