సాఫ్ట్‌వేర్ మార్చే ముందు ఇవి చూడండి: ఇంట్లో మల్టీట్రాక్ రికార్డింగ్, సమస్య - పరిష్కారం

రాజోలు దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనక గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కోలాటం బృందాలకీ చర్చి క్వయర్లకీ పాటలు మల్టీట్రాక్‌లో, అంటే ఒక్కో గొంతూ వాద్యమూ విడి ట్రాకుగా, రికార్డు చేసి ఇస్తుంటాను. చుట్టుపక్కల కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేది ఎక్కువగా ఒకటే: "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటావ్?" నేను వెంటనే పేరు చెప్పను. ఇప్పుడున్నదాంతో ఇబ్బందేంటని అడుగుతాను. చాలాసార్లు తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు; డ్రైవర్‌దో (సౌండు పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే చిన్న ప్రోగ్రాం), కేబుల్‌దో, ప్లగ్గుదో అవుతుంది. నిజంగా సాఫ్ట్‌వేరే మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి.

ట్రాక్ వింటూ పాడుతుంటే గొంతు వెనకబడుతోంది

ముందు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తీసేసి వైరున్నవి పెట్టండి. బ్లూటూత్‌లో ఆలస్యం మామూలుగానే ఎక్కువ, అది ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పోదు.

వైరు పెట్టినా ఆలస్యం ఉంటే కారణం బఫర్. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కచుక్కగా కాకుండా కుండలో పట్టి పోసినట్టు కాస్త కాస్త పోగు చేసి పంపుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే శబ్దాన్ని సెకనుకు 48 వేలసార్లు కొలిచేటప్పుడు, 1024 శాంపిళ్ల (కొలతల) బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి, మొత్తం 40 దాటుతుంది. గాలిలో శబ్దం 10 మిల్లీసెకన్లకు 11 అడుగులు వెళ్తుంది. కాబట్టి మీ గొంతు మీకే వీధి అవతల మైకులోంచి వస్తున్నట్టు ఉంటుంది. తాళం తప్పడం గాయకుడి తప్పు కాదు.

ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే నొక్కండి. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లిరాకుండా నేరుగా చెవికి వస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ (పాడుతున్నది తిరిగి వినిపించడం) ఆపాలి, లేదంటే రెండు గొంతులు వినిపిస్తాయి. ఆ బటన్ లేకపోతే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవర్ (ఆలస్యం తక్కువగా ఉండే రకం) వేసుకుని బఫర్ 128కి తగ్గించండి. కంపెనీ డ్రైవర్ లేకపోతే ఆసియో ఫోర్ ఆల్ ఉచితంగా దొరుకుతుంది.

పాడేటప్పుడు బాగానే ఉండి, తర్వాత వింటే మాత్రం వెనకబడితే అది వేరే సంగతి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎక్కువ చూశాను. హెడ్‌ఫోన్ ఒక చెవి మైకుకు ఆనించి, డప్పు ట్రాక్ ప్లే చేస్తూ కొత్త ట్రాక్‌లో రికార్డు చేయండి. తెరను బాగా జూమ్ చేస్తే పై ట్రాక్‌లో డప్పు దెబ్బ ఒకచోట, కింద ట్రాక్‌లో అదే దెబ్బ కాస్త కుడివైపున కనిపిస్తాయి. ఆ తేడా ఎన్ని మిల్లీసెకన్లో కొలిచి, ప్రిఫరెన్సెస్‌లోని లేటెన్సీ కాంపెన్సేషన్‌లో (ఆలస్యాన్ని సరిచేసే చోట) ఉన్న సంఖ్యను మైనస్ వైపు అంతమేరకు పెంచండి; -130 ఉండి తేడా 20 అయితే -150 పెట్టాలి. ఆ కంప్యూటర్‌కు ఒక్కసారి చేస్తే చాలు.

చిటపట శబ్దాలు

చిటపట వచ్చిన చోటును రెండుసార్లు ప్లే చేయండి. రెండోసారి వేరేచోట వచ్చిందా? రికార్డింగ్ బాగానే ఉంది, ప్లే చేయడానికే కంప్యూటర్ ఆయాసపడుతోంది. మిక్సింగ్ (ట్రాకులన్నీ కలిపి సరిచేసే పని) సమయంలో బఫర్ మళ్లీ 1024కి పెంచుకోండి. అదే చోట వచ్చిందంటే చప్పుడు ట్రాక్‌లోకే ఎక్కేసింది. ఆ టేక్ మళ్లీ తీయాల్సిందే.

ట్రాక్‌లోకి ఎక్కడానికి మా ప్రాంతంలో నాకు తగిలిన కారణాలు రెండు. కరెంటు పోగానే లాప్‌టాప్ బ్యాటరీ సేవర్‌లోకి జారి ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. పవర్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ మీద కూడా పూర్తి వేగం ఉండేలా పెట్టి, రికార్డింగ్ సేపు వైఫై ఆపండి. రెండోది తేమ. వానాకాలంలో కండెన్సర్ మైకు క్యాప్సూల్‌కు (శబ్దం పట్టే లోపలి భాగానికి) తేమ పడితే సన్నగా చిటపటలాడుతుంది. మైకు మార్చి చూస్తే తెలిసిపోతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోండి. ఎండలో మాత్రం పెట్టకండి.

గుయ్‌మని మోత ఆగడం లేదు

ఛార్జర్ పీకేయండి. మోత ఆగితే తప్పు కరెంటు వైపు ఉంది: ఎర్త్ సరిగా లేని సాకెట్, లేదా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. చెరువుల మీద ఏరేటర్లు తిరిగే లైన్లలో రాత్రిపూట ఇది నాకు ఇంకా ఎక్కువగా తగిలింది. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ చూపించండి. మోత పోతుందని కొందరు మూడో పిన్ విరిచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, మైకు పట్టుకున్నవాళ్లకు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. టేక్ తీసే ఐదు నిమిషాలు బ్యాటరీ మీద నడపండి. అందుకే పైన చెప్పిన బ్యాటరీ సెట్టింగ్ ముందే సరిచేసి ఉండాలి.

బయటి కప్పల మోత గురించి కూడా అడుగుతుంటారు. నాయిస్ రిడక్షన్ ఫ్యాను హోరులాంటి ఒకే తీరు శబ్దాన్ని తగ్గిస్తుంది. కప్పల మీద దాన్ని వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. కిటికీకి బొంతలు కట్టుకోవడమే మేలు.

శ్రుతి మారిపోయింది, పాట వేగం పెరిగింది

44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసిన ఫైలును 48లో నడుపుతున్నారు. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకీ రెండుకీ మధ్య వినిపిస్తుంది, ఐదు నిమిషాల పాట 4 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. విండోస్ సౌండ్ సెట్టింగ్స్, ఇంటర్‌ఫేస్, ప్రాజెక్టు మూడింట్లోనూ ఒకే సంఖ్య పెట్టండి.

ఎనిమిది మైకులు పెట్టినా ఒక్క ట్రాకే వస్తోంది

ఇక్కడ మాత్రం సాఫ్ట్‌వేర్ ఎంపిక నిజంగా ముఖ్యం. అయినా ముందు మిక్సర్ చూడండి. యూఎస్‌బీ ఉన్న మిక్సర్లలో చాలావాటికి ఎన్ని మైకులు పెట్టినా కంప్యూటర్‌కు పంపేది కలిపేసిన రెండు ఛానెళ్లే. కలిసిపోయాక డోలక్‌ను గొంతు నుంచి విడదీయడం ఎంతో కష్టం. ఛానెళ్లు విడివిడిగా పంపే మిక్సర్‌గానీ ఇంటర్‌ఫేస్‌గానీ కావాలి.

అది ఉంటే అప్పుడు సాఫ్ట్‌వేర్. ఒక గొంతు, ఒక హార్మోనియం, ఒకదాని తర్వాత ఒకటి పాడుకునేవాళ్లకు ఉచితంగా వచ్చే ఆడాసిటీ సరిపోతుంది. విండోస్‌లో అది మామూలుగా ఒకేసారి రెండు ఛానెళ్లకు మించి తీసుకోదు కాబట్టి బృందానికి చాలదు. బృందానికి నేను చెప్పేది రీపర్. పాత లాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడొచ్చు, ఆపై సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. ప్రో టూల్స్ ఇంట్రో ఉచితమే, కానీ 8 ఆడియో ట్రాకుల దగ్గర ఆగిపోతుంది. మ్యాక్ ఉన్నవాళ్లు గరాజ్‌బ్యాండ్‌తో మొదలుపెట్టొచ్చు. క్రాక్ చేసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి, దాంతో వైరస్ వచ్చి ప్రాజెక్టులన్నీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ప్రాజెక్టు ఖాళీగా ఉంది

నాకు బాగా బాధ మిగిల్చింది ఇదే. ఒక కోలాటం బృందానికి సాయంత్రమంతా కూర్చుని ఎనిమిది ట్రాకులు తీశాను. మిక్సింగ్ కోసం రీపర్ ప్రాజెక్టు ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రాజమండ్రి వెళ్లాను. అక్కడ తెరిస్తే ట్రాకుల పేర్లు వరసగా ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. రీపర్ ప్రాజెక్టు ఫైలులో పాట ఉండదు, ఏ ఆడియో ముక్క ఎక్కడుందో చిరునామా మాత్రమే ఉంటుంది. ఆడియో అంతా ఇంట్లో లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

సేవ్ ప్రాజెక్ట్ యాజ్ నొక్కినప్పుడు కింద, మీడియా అంతటినీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేసే గడి కనిపిస్తుంది. దాన్ని టిక్ చేసి, ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది ట్రాకుల ఐదు నిమిషాల పాట దాదాపు 350 ఎంబీ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పడింది కొన్ని కేబీలే అయితే అందులో పాట లేదు. ఇంటి గడప దాటకముందే ఆ సైజు చూడండి.