క్లాస్ యాక్షన్‌లో కంపెనీ తరఫు లాయరు వాంగ్మూలాలకు ఎలా సిద్ధం కావాలి?

ఒకరిద్దరు ముందుకొచ్చి తమలాంటి వేలమంది తరఫున వేసే దావాను అమెరికాలో క్లాస్ యాక్షన్ అంటారు. విచారణకు ముందే సాక్షితో ప్రమాణం చేయించి, లాయర్లు ప్రశ్నలడిగి నమోదు చేసే వాంగ్మూలమే డిపోజిషన్. జడ్జి ఆ వేలమందిని ఒక వర్గంగా గుర్తించారంటే కంపెనీ మీద రాజీ ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి ప్రతి ప్రశ్నా ఆ నిర్ణయాన్ని దృష్టిలో పెట్టుకుని అడగాలి.

ముందుగా, క్లాస్ యాక్షన్‌కు షరతులు చెప్పే 23వ నిబంధన చదవండి. అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ నిబంధనల్లో అది ఉంటుంది. అందరి ఫిర్యాదుకూ ఒకే జవాబు ఉందా అన్నదే కీలకం. 2011లో వాల్‌మార్ట్ మీద సుమారు 15 లక్షల మంది మహిళల తరఫున వచ్చిన దావా సుప్రీంకోర్టులో ఆగిపోయింది ఇక్కడే.

తర్వాత, అందరి తరఫున దావా వేసిన ప్రతినిధి వాంగ్మూలం. సాధారణంగా ఒక రోజు, 7 గంటలే గడువు. పళ్లరసం సీసా మీద ‘సహజం’ అన్న మాట మోసమని ఒకామె దావా వేశారనుకుందాం. ‘ఆ మాట మొదట ఎప్పుడు చూశారు? ఎందుకు కొన్నారు? దావా వేశాక మళ్లీ కొన్నారా?’ అని అడిగి, ఆగి వినండి. ‘రుచి నచ్చి కొంటాను, లేబుల్ చూడను’ అన్న జవాబు వచ్చిందంటే, కొనేవాళ్ల కారణాలు ఒక్కొక్కరివి ఒక్కో రకమని చూపడానికి ఆధారం దొరికినట్టే. గద్దించి అడిగితే ఇలాంటి జవాబు రాదు. పైగా ఆమె సామాన్యురాలు, ఆమెకు మర్యాద దక్కాలి. చట్టం తెలియదని నిరూపించడానికి గంటలు ఖర్చు చేయడం నా దృష్టిలో వృథా. తన లాయరుతో ఏం మాట్లాడుకున్నారో అడగకూడదు.

మీ కంపెనీ ప్రతినిధిని ఎదుటివారు ప్రశ్నించే రోజుకు ఇంకా ఎక్కువ కష్టపడాలి. ఆయన కంపెనీ గొంతుగా మాట్లాడుతున్నారు. కంపెనీకి అందుబాటులో ఉన్న సమాచారాన్ని సేకరించి ఆయనకు ముందే నేర్పాలి, ‘నాకు తెలియదు’ అంటే సరిపోదు. ఏ అంశాల మీద అడుగుతారో ఇరుపక్షాలూ ముందే మాట్లాడుకోవాలని 2020 డిసెంబరు నుంచి నిబంధన ఉంది. అభ్యంతరాలు క్లుప్తంగా చెప్పండి.

ఎదుటివారి తరఫున నష్టం లెక్కగట్టిన నిపుణుణ్ణి ఒక్కటి అడగండి: నష్టపోనివారిని ఈ లెక్క ఎలా వేరు చేస్తుంది?

వాంగ్మూలం ముగిసేలోపు కోరితే, రాతప్రతి సిద్ధంగా ఉందని తెలిపిన నాటి నుంచి దాన్ని చూసి సవరించడానికి సాక్షికి 30 రోజులు ఉంటాయి. సవరణలు వస్తే పాత జవాబుల పక్కన పెట్టి చదవండి. అర్థమే మారిపోతే, సాక్షిని మళ్లీ ప్రశ్నించే అవకాశమివ్వమని కోర్టును కోరవచ్చు.