డీఐకి (రంగులు సరిదిద్దే దశకి) ఇచ్చే ముందు: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో నుంచి కలర్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌కి

పిక్చర్ లాక్ అయ్యాకే, అంటే ఎడిట్‌లో ఇక మార్పులు లేవని తేలాకే మొదలుపెట్టండి. అసలు సీక్వెన్స్ (ఎడిట్ టైమ్‌లైన్) జోలికి పోకుండా డూప్లికేట్ మీదే పనిచేయండి.

• నెస్ట్‌లు (సీక్వెన్స్‌లో ఇమిడిన సీక్వెన్స్‌లు) విప్పండి, మల్టీక్యామ్ ఫ్లాటెన్ చేయండి (ఎంచుకున్న కెమెరా క్లిప్పే మిగలాలి), షాట్లను వీలైనంతవరకు వీ1కి (అడుగు వీడియో ట్రాక్‌కి) దించండి. లూమెట్రీ (ప్రీమియర్ కలర్ ఎఫెక్ట్) తీసేయండి.

• స్పీడ్ ర్యాంప్‌లు (షాట్ మధ్యలో వేగం మారడం) ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే ఎడిట్ వివరాలను రిజాల్వ్‌కి మోసుకెళ్లే ఫైలులో నమ్మకంగా రావు. వార్ప్ స్టెబిలైజర్ (షాట్ కుదుపు తగ్గించే ఎఫెక్ట్) అసలే రాదు. ఆ షాట్లను టైమ్‌కోడ్‌తో (ప్రతి ఫ్రేమ్‌కీ ఉండే గంట:నిమిషం:సెకను:ఫ్రేమ్ అంకెతో) సహా రాసివ్వండి.

• ఫైలు పేరు, టైమ్‌కోడ్ ప్రాక్సీలోనూ (ఎడిట్‌కి వాడిన తేలికపాటి కాపీలోనూ) ఒరిజినల్‌లోనూ ఒకటేనా? ఎక్కువ గొడవ ఫోన్ క్లిప్పులదే: చాలావాటి టైమ్‌కోడ్ 00:00:00:00 దగ్గరే మొదలవుతుంది. ఒకే పేరుతో రెండుంటే రిజాల్వ్ తప్పు షాట్ తగిలించేస్తుంది, అదీ చప్పుడు చేయకుండా. పేర్లు ఎడిట్‌కి ముందే మార్చాలి.

• రిజాల్వ్ ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేటు (సెకనుకి ఫ్రేమ్‌లు) 24 ఆ, 23.976 ఆ? మీడియాను ఇంపోర్ట్ చేశాక మారదు.

• టైమ్‌కోడ్ బొమ్మ మీదే కనిపించేలా బర్న్ చేసిన రిఫరెన్స్ వీడియో లేకుండా ఎక్స్‌ఎంఎల్ ఒక్కటే పంపొద్దు.